పాలసొర కోసం

మా అక్కకి పాలు పడలేదు. ఎనభైల మొదట్లో ఒక ఫిబ్రవరి నెలంతా మా ఇంట్లో ఇదొక్కటే మాట. అంతకు ముందు ఏడాది తొలికాన్పులో పుట్టిన బిడ్డ దక్కలేదు. ఈసారి ఆడపిల్ల. పుట్టినప్పుడు బాగానే ఉంది కానీ, డబ్బా పాలు పట్టడం మొదలుపెట్టాక విరేచనాలు పట్టుకుని రోజురోజుకీ చిక్కిపోయింది. తొడల మీద చర్మం ముడతలు పడింది. ఏడవడానికి కూడా ఓపిక లేక నోరు మాత్రం తెరిచేది, శబ్దం వచ్చేది కాదు. గుంటూరులో చూపిస్తే డాక్టరమ్మ తల్లి పాలు తప్ప మందు లేదంది. తల్లికి కడుపునిండా తిండి పెట్టండి, బిడ్డని రొమ్ముకి ఆనిస్తూనే ఉండండి, దిగులు పెట్టుకోనివ్వకండి అని చెప్పి పంపింది.

దిగులు పెట్టుకోవద్దని ఇంటికొచ్చిన ప్రతి మనిషీ అక్కకి చెప్పడం మొదలుపెట్టారు. ఆ చెప్పడంతోనే దానికి సగం దిగులు పట్టుకుంది. వెల్లుల్లి తినమని ఒకరు, మునగాకు తినమని ఒకరు, పచ్చి బొప్పాయి కూర తినమని ఇంకొకరు. చెప్పినవన్నీ తినేది. తిన్నాక అందరూ దాని జాకెట్టు వంక చూసేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. అప్పటికి నేను గుంటూరులో డిగ్రీ మొదటి సంవత్సరం, లోకంలో అన్నీ తెలుసుననుకునే వయసు. మా అక్క పాడి గేదె కాదని ఒకసారి పక్కింటావిడ మొహం మీదే అనేశాను. అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి చెవి మెలిపెట్టింది.

అప్పుడు మా మేనత్త తీర్పు చెప్పింది. అత్త నాన్నకి అక్క. చిన్నతనంలోనే మొగుడు పోయి మా ఇంట్లోనే ఉండిపోయింది. నాన్న మిషను బడిలో పంతులు కావడం వల్ల ఆయనకి సుద్దముక్కలూ హాజరు పట్టీలూ తప్ప ఏమీ పట్టేవి కావు. కౌలుకి తీసుకున్న మిరప చేనూ, ఇల్లూ, మా అమ్మా, చుట్టుపక్కల వాళ్ళూ అందరూ అత్త అజమాయిషీలోనే ఉండేవాళ్ళు. ఆవిడ ప్రార్థన చేసినా దేవుడికి పని పురమాయిస్తున్నట్టే ఉండేది. పాలసొర ఉడికించి పొడిపొడిగా చేసిన పిట్టు పెడితే పాలు ధారగా పడతాయని, తన చిన్నప్పుడు ఎంతమందికి పడ్డాయో తను చూసిందని, ఇక మాటలొద్దు, సొర తీసుకురమ్మని అంది.

పాలసొరంటే సొరచేపల్లో చిన్న జాతి. చేతి పొడుగుంటుంది, అంతకంటే పెద్దగా పెరగదు. బాలింతలకి పెట్టేది దాన్నే, అదీ పచ్చిదే కావాలి, ఎండుది వేడి చేస్తుందని అత్త మాట. నాన్న గుంటూరు చేపల బజారు చుట్టి ఉత్త చేతుల్తో వచ్చాడు. ఐసులో పెట్టిన పెద్ద సొర ముక్కలున్నాయి తప్ప ఇది లేదు. ఇది ఒడ్డు దగ్గర వేసే వలల్లో పడాలి, ఈ గాలికి ఆ వలలే దిగడం లేదని బజారులో చెప్పారట.

మాకు సముద్రంతో ఉన్న చుట్టరికమల్లా ఎండుచేపల పిన్నితోనే. చీరాల అవతల సముద్రపొడ్డు పల్లె నుంచి ప్రతి ఏడూ మిరప కోతల వేళకి గంపతో వచ్చేది. కళ్ళంలో కాయలు ఆరబోసి ఉండగా వచ్చి, ఎండు నెత్తళ్ళు పోసి, కాయలు మూట కట్టుకుని పోయేది. అత్తకీ ఆవిడకీ వదినా వదినా అనే పిలుపులు. ఆ ఏడు కోతలు సగమైనా ఆవిడ రాలేదు. రాకపోతే మనమే పోదాం అంది అత్త. ఒక గోతాంలో ఎండు మిరపకాయలు, కొత్తగా దంపిన కారం పొట్లం సర్దుకుని, తోడుగా నన్ను తీసుకుని బయల్దేరింది. నాకు పరీక్షలు దగ్గర పడుతున్నాయి, పైగా ఆ సొర సంగతి నాకు నమ్మకం లేదు. ఈ రెండూ గుంటూరు నుంచి చీరాల దాకా చెబుతూనే ఉన్నాను. అత్త కిటికీ పక్కన కూర్చుని హాయిగా నిద్రపోయింది.

మేం చేరేసరికి పల్లెలో అందరూ ఇళ్ళ ముందే ఉన్నారు. సరుగుడు తోట దాటగానే సముద్రం కనపడింది. నేను అంతకు ముందు బాపట్ల దగ్గర పిక్నిక్కి వెళ్ళి చూసిన సముద్రం కాదది. నీళ్ళు బురదగా, టీ రంగులో ఉన్నాయి. ఈశాన్యం నుంచి గాలి అడ్డదిడ్డంగా కొడుతోంది. అలలు ఒకదాని మీద ఒకటి ఒడ్డునే విరిగి పడుతున్నాయి. నావలు ఇసకలో ఎక్కించి ఉన్నాయి, మగవాళ్ళు వాటి నీడన కూర్చుని వలలు బాగు చేసుకుంటున్నారు.

పిన్ని మమ్మల్ని చూసి సంతోషించి, విషయం విని నుదురు కొట్టుకుంది. ఎండబెట్టుకోవడానికి చేపే లేకపోతే గంప ఎత్తుకుని మీ ఊరు ఏం మొహం పెట్టుకుని రమ్మంటావు వదినా అంది. తర్వాత మా ఇద్దరినీ ఒడ్డుకి తీసుకెళ్ళి చూపించింది. చలికాలపు గాలి ఉన్నన్నాళ్ళూ నీళ్ళు ఒడ్డు వెంబడి ఉత్తరం నుంచి దక్షిణానికి పోతాయి, చలికీ బురదకీ చేప లోపలెక్కడో ఉండిపోతుంది. శివరాత్రి అటూ ఇటూగా గాలి పడిపోతుంది. దక్షిణపు గాలి మొదలై, నీళ్ళు కూడా తిరగబడి ఉత్తరానికి నడుస్తాయి. అప్పుడు నీళ్ళు తేరుకుంటాయి, నెత్తళ్ళు గుంపులు గుంపులుగా ఒడ్డుకొస్తాయి, వాటిని తినడానికి పాలసొరలు వెనకే వస్తాయి. ఇదంతా చెప్పి, ఒక కొబ్బరి డొక్క తీసి అలల అవతల పడేలా విసిరింది. డొక్క తేలుతూ తేలుతూ దక్షిణం వైపే పోయింది. ఇంకా తిరగలేదు, రేపు తిరుగుద్దిలే అంది పిన్ని.

మర్నాడు తిరగలేదు. ఆ మర్నాడూ తిరగలేదు. పిన్ని ప్రతి పొద్దునా డొక్క విసరడం, అది దక్షిణానికి పోవడం, రేపు తిరుగుద్దిలే అనడం. ఉప్పెన తర్వాత సర్కారు కట్టించిన ఒంటిగది ఇల్లు ఆవిడది. అందులో గాలికి కొట్టుకొచ్చిన ఇసక అన్నంలో కూడా పంటికి తగిలేది. నా పుస్తకం పేజీల మధ్య కూడా ఇసకే. నేను వెళ్ళిపోదామనడం, అత్త వినబడనట్టు ఉండడం.

దీనికి తోడు అత్తకి ఇంకో బాధ మొదలైంది. ఇంటి దగ్గర మిరపకాయలు కళ్ళంలో పరిచి ఉన్నాయి. కాయ ఆరాలంటే ఎండ కాయాలి, మబ్బు పట్టకూడదు, గాలి మారకూడదు. మా మెట్ట ఊళ్ళలో ఆ నెలలో గాలి మారిందంటే గుండె జారిపోతుంది. వాన జల్లు పడితే కాయ రంగు పోయి తాలు తిరుగుతుంది. అందుకని అత్త ఏళ్ళ తరబడి అలవాటైన ప్రార్థనే అక్కడా చేసింది. పొద్దున్నే ఇసకలో మోకరించి, ప్రభువా, ఈ వాతావరణం ఇట్లాగే నిలుపు, గాలి మారనివ్వకు అని గట్టిగా వేడుకుంది. వల నేస్తున్న మగవాళ్ళు తలలెత్తి చూశారు. పిన్ని పరుగున వచ్చి అత్త భుజం పట్టుకుంది.

"వదినా, నువ్వు చేసేది ఆపు. నేను గంగమ్మకి మొక్కుకుని గాలి తిప్పమంటుంటే నువ్వు మీ దేవుడితో చెప్పి పట్టుకుని కూర్చున్నావా?"

ఒడ్డంతా నవ్వారు. అత్తకి నిజంగానే తికమక పట్టుకుంది. కాయలకి ఒక గాలి కావాలి, మనవరాలికి ఇంకో గాలి కావాలి. సాయంత్రం మళ్ళీ మోకరించి, మా కళ్ళం మీద గాలి కదలకుండా ఇక్కడ మాత్రం తిప్పమని, ఊరి పేరుతో సహా చెప్పుకుంది. నేను నవ్వాపుకోలేక ఇంటి వెనక్కి వెళ్ళిపోయాను. వల నడిపే పెద్దాయనకి కూడా అత్త సలహా చెప్పకుండా ఉండలేదు. గుళ్ళో ప్రసంగంలో విన్న, యేసు తన జాలరి శిష్యులతో అన్న మాట గుర్తు పెట్టుకుని, వల కుడి పక్కన వేసి చూడమంది. అటు రాళ్ళున్నాయమ్మా, వల చిరుగుద్ది అన్నాడాయన మర్యాదగానే.

కానీ రోజులు గడిచేకొద్దీ నాకు నవ్వు తగ్గిపోయింది. ఇంటి దగ్గర ఏం జరుగుతోందో తెలీదు. ఒక సాయంత్రం ఉండబట్టలేక అత్త మీద విరుచుకుపడ్డాను. ఆ పిల్ల అక్కడ ఎలా ఉందో తెలీకుండా, ఉందో లేదో కూడా తెలీకుండా, చేప కోసం ఇసకలో కూర్చోవడం ఏమిటని, ఇది పిచ్చి కాకపోతే ఏమిటని అరిచాను. అత్త తిరిగి అరుస్తుందనుకున్నాను. సముద్రం వైపే చూస్తూ మామూలు గొంతుతో అంది.

"మొదటిది నా చేతుల్లోనే పోయిందే. మీ అమ్మ చూడలేక బయటికెళ్ళింది, నేను ఎత్తుకునున్నాను. అప్పుడు ఏం చెయ్యాలో తెలీక ఊరికే కూర్చున్నాను. ఈసారి ఊరికే కూర్చోలేను."

వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. వెళ్ళిపోదామని మళ్ళీ అనలేదు.

ఆ తర్వాత వచ్చిన పొద్దు వేరుగా ఉంది. మెలకువ రాగానే ఏదో లోటుగా అనిపించింది. కాసేపటికి అర్థమైంది, గాలి చప్పుడు లేదు. బయట సరుగుడు చెట్లు కనపడనంతగా మంచు. ఒడ్డుకి వెళితే అలలు అలిసిపోయినట్టు తక్కువ ఎత్తున, ఒక్కొక్కటిగా వస్తున్నాయి. పిన్ని డొక్క విసిరింది. అది పడ్డచోటే ఊగుతూ నిలబడింది. మేం ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. చాలాసేపటికి, మనసు మార్చుకున్నట్టు, మెల్లగా ఉత్తరం వైపు జరగడం మొదలుపెట్టింది. పిన్ని కొంగు నడుముకి బిగించుకుని ఇళ్ళ వైపు పరిగెత్తింది.

ఎండ వచ్చి మంచు విడిపోయేసరికి దక్షిణం నుంచి సన్నగా, వెచ్చగా గాలి తగిలింది. అలలు విరిగే చోటుకి అవతల బురద చారకి ఒక అంచు ఏర్పడింది, దాని వెనక నీళ్ళు లేత పచ్చగా కనపడుతున్నాయి. ఆ అంచు మీద తెల్ల పిట్టలు మునిగి లేస్తున్నాయి. కింద నెత్తళ్ళ గుంపుంది అన్నారు. అన్నాళ్ళూ నీడన కూర్చున్న మనుషులేనా వీళ్ళు అనిపించింది. నావ నీళ్ళలోకి దిగింది. ఒక తాడు ఒడ్డునున్న వాళ్ళ చేతుల్లో వదిలి, వల జారవిడుస్తూ సముద్రంలో పెద్ద చుట్టు తిరిగి, రెండో తాడు దూరంగా ఇంకోచోట ఒడ్డుకి తెచ్చారు. ఇక రెండు పక్కల నుంచీ తాళ్ళు లాగి వలని ఒడ్డుకి తేవాలి.

ఆ పల్లెలో ఇలా ఒడ్డు నుంచి లాగే అలివి వల తాడు మీద చెయ్యి వేసిన ఎవరికైనా వాటా ఉంది. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, దారిన పోయేవాళ్ళు, ఎవరైనా సరే, లాగితే వాటా. అత్త చీర ఎగ్గట్టి తాడు పట్టుకుంది. నేను ఆవిడ వెనక. తాడు తడిసి, ఉప్పు పట్టి గరుకుగా ఉంది. వెనక్కి వాలి, మడమలు ఇసకలో దింపి, అందరూ ఒక్కసారి లాగాలి, అందరూ ఒక్కసారి ఆగాలి. నేను ఆగాల్సినప్పుడు లాగి పక్కావిడ చేత తిట్లు తిన్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఎండ నెత్తి మీదికొచ్చింది. అయినా ఆ తాడు నుంచి వల బరువు మెల్లగా మా వైపు వస్తోందని చేతులకి తెలుస్తుంటే, ఎందుకో నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. ఇన్నాళ్ళకి చెయ్యడానికి ఒక పని దొరికింది.

వల సంచి ఒడ్డున పడింది. నెత్తళ్ళు వెండి పొడిలా మెరిశాయి, కవళ్ళ చేపలు ఎగిరెగిరి పడ్డాయి, అక్కడక్కడ పీతలు. అత్త వాటి మీద పడి రెండు చేతులతో కెలుకుతోంది. లేదు లేదు అనుకుంటుండగా అడుగున బూడిదరంగు తోక ఒకటి కదిలింది. చేతి పొడుగు సొర. అత్త దాన్ని మెడ దగ్గర పట్టుకుని గుండెకి అదుముకుంది. అది చీర మీద తోకతో కొడుతూనే ఉంది. మా వాటా చేపలన్నీ ఇచ్చేస్తాను, ఇదొక్కటీ ఇప్పించండని ఆవిడ వల పెద్దాయన్ని అడగబోయింది. ఆయన అప్పటికే విషయం విని ఉన్నాడు.

"బాలింత చేపకి వాటా లేదు, బేరం లేదు. తీసుకెళ్ళండమ్మా. పిల్ల నిలబడిందని కబురు పెట్టండి, చాలు."

పొట్ట చీల్చి శుభ్రం చేసి, ఉప్పు రాసి, తడి గోనెలో చుట్టుకుని మధ్యాహ్నం బస్సుకే పొమ్మని పిన్ని చెప్పింది. శుభ్రం చెయ్యడం అత్త తనే చేస్తానంది, ఎవరినీ తాకనివ్వలేదు. ఉరుకులు పరుగుల మీద చీరాల చేరి గుంటూరు బస్సెక్కాం. గోనె మూట అత్త ఒళ్ళో. బస్సులో జనం ముక్కులు మూసుకుంటున్నా ఆవిడకి లెక్కలేదు. బాపట్ల దాటాక దేవుడికి వందనాలు చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చేత్తో కళ్ళు తుడుచుకుంది. మరుక్షణం కెవ్వుమంది.

కన్ను మండిపోతోంది. ఏం పడిందని అడిగాను. అత్త ఒక చేత్తో కన్ను మూసుకుని, రెండో చేతి గోళ్ళ వంక చూసుకుంది. గోళ్ళ సందుల్లో ఎర్రగా ఉంది. అప్పుడు ఆవిడ మొహం పాలిపోవడం చూశాను. మా ఇంట్లో చేపైనా మాంసమైనా కోసిన వెంటనే ఉప్పూ కారం పట్టించాల్సిందే, లేకపోతే వాసనొస్తుందని. ఎన్నో ఏళ్ళ అలవాటు. పిన్ని పొయ్యి పక్కనే మేం తెచ్చిన కారం పొట్లం ఉంది. తొందరలో చెయ్యి దానంతటదే వెళ్ళింది. సొర లోపలా బయటా దట్టించి పట్టించేసింది. అదీ మా గుంటూరు కారం. బాలింతకి కారం తగిలితే బిడ్డకి కడుపు కాలుతుందని కాన్పు అయిన దగ్గర్నుంచీ అక్క కంచంలో మిరియప్పొడి కూడా పడనివ్వని మనిషి, చిటికెడు మిరియాల కోసం అమ్మతో గొడవేసుకున్న మనిషి.

చెడామడా తిట్టేద్దామని నోరు తెరిచాను. ఎర్రబడ్డ ఒంటి కన్నుతో, దొంగతనం బయటపడ్డ పిల్లలా నన్నే చూస్తోంది అత్త. తిట్టలేకపోయాను. గుంటూరు బస్టాండులో దిగగానే చేతి పంపు దగ్గరికి లాక్కెళ్ళాను. నేను పంపు కొడుతుంటే అత్త గొంతుక్కూర్చుని సొరని కడిగింది. కడిగినకొద్దీ ఎర్రటి నీళ్ళే. చుట్టూ జనం పోగయ్యారు. ఏదో ఘోరం జరిగిందనుకుని ఒక పోలీసాయన తోసుకుంటూ వచ్చాడు. బాలింతకి పెట్టాలండీ, కారం పట్టించానండీ అని అత్త ఆయనకి ఏడుపు గొంతుతో మొరపెట్టుకుంది. ఆయన జనాన్ని పక్కకి తప్పుకోమని, పంపు కొట్టే చెయ్యి నొప్పెడితే నేను కొడతానన్నాడు.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుగుంది. పిల్ల ఉంది. గుమ్మంలోనే అడిగాం, ఉంది. అలాగే ఉంది, ఇంకొంచెం వాడింది. అమ్మ మూట అందుకుని, విప్పి చేపని ఎసట్లో పడేసింది. ఒక ఉడుకు రానిచ్చి నీళ్ళు పారబోసి, చర్మం ఒలిచి, చిన్న ముక్క నాలిక మీద వేసుకుని, ఫరవాలేదు, ఇంకోసారి నీళ్ళు పోసి ఉడికిస్తే కారం పోతుందంది. అత్తకి ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. అక్క మంచం పక్కన చతికిలబడి జరిగినదంతా చెప్పడం మొదలుపెట్టింది. చెప్పడంలో తప్పంతా పిన్నిది, పొట్లం అక్కడ పెట్టిన నాది, తొందరపెట్టిన బస్సుది. నేను ఊరుకుంటానా? గాలి ఆపమన్న ప్రార్థన దగ్గర మొదలుపెట్టి, కుడి పక్కన వేయమన్న వల, పంపు దగ్గర ఎర్ర నీళ్ళు, పంపు కొడతానన్న పోలీసు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేశాను. అత్త ఎర్ర కన్నుతో నన్ను ఉరిమి చూసింది.

అక్క నవ్వింది. ముందు చిన్నగా, తర్వాత ఆపుకోలేక, పిల్లని ఒళ్ళో పట్టుకుని ఊగిపోతూ నవ్వింది. కాన్పు అయ్యాక అది నవ్వగా నేను చూడలేదు. కుట్లు కదులుతాయే అని వంటింట్లోంచి అమ్మ కేకేస్తున్నా ఆగలేదు. ఆపి, ఊపిరి పీల్చుకుని, ఉన్నట్టుండి తలొంచి తన జాకెట్టు చూసుకుంది. రెండు పక్కలా గుండ్రంగా తడిసి ఉంది.

సొర ఇంకా పొయ్యి మీదే ఉడుకుతోంది. ఉడుకు వాసనకే పడ్డాయి చూశారా, తింటే ఇంకెట్లా ఉంటుందో అని అత్త ఆ తర్వాత ఎంతమందితోనో చెప్పింది. నేను నవ్వుకి పడ్డాయనేదాన్ని, అమ్మ ప్రార్థనకి పడ్డాయనేది. ఆ వాదన మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. ఆ పూట మాత్రం వాదన లేదు. అక్క పిల్లని ఆనించింది. అలవాటు లేని పిల్ల మొదట ఉక్కిరిబిక్కిరై దగ్గింది, పాలు బుగ్గ మీదుగా కారాయి. అక్క భయపడి తీయబోతే, తీయకే, ఉండనీ అని అత్త సైగ చేసింది. పిల్ల మళ్ళీ అందుకుంది. అత్త మంచం పట్టెకి మొహం ఆనించి, ఆ చిన్న గొంతు దగ్గరికి వంగి చూసింది. చాలాసేపు అలాగే చూసింది.

"మింగుతోందే," అంది.